లూబీస్: వేలితో చూపిస్తే చాలు, ప్లేట్లో పెట్టేవాళ్ళు

ప్రశ్న: "టెక్సాస్‌లో ఒకప్పుడు ఏ ఊరికి వెళ్ళినా కనిపించే లూబీస్ కెఫెటేరియాలు ఎందుకు మూతపడ్డాయి? అక్కడ తరచుగా తిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి."

నేను తిన్నాను. చాలాసార్లు తిన్నాను. 1999లో హ్యూస్టన్ వచ్చిన మొదటి నెలలోనే లూబీస్ నాకు పరిచయం అయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా, ఇంటికొచ్చిన చుట్టాలను తీసుకెళ్ళడానికి నాకు తెలిసిన మొదటి చోటు అదే. అందుకే కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను.

లూబీస్ చూడనివాళ్ళ కోసం ముందు అదేమిటో చెప్పాలి. అది బఫే కాదు. మెనూ తెచ్చి ఇచ్చే రెస్టారెంట్ కూడా కాదు. మన ఊళ్ళో కర్రీ పాయింట్‌కి వెళ్తే ఎలా ఉంటుంది? అద్దం వెనకాల గిన్నెల్లో కూరలు ఉంటాయి, "అది పావుకిలో, ఇది వంద గ్రాములు" అని చూపిస్తాం, కట్టిస్తారు. లూబీస్ కూడా అంతే. కాకపోతే కూర్చుని తింటాం, పొడుగాటి లైన్‌లో నడుస్తూ ఎంచుకుంటాం.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆఫీసులో నా పక్క సీటావిడ. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న టెక్సాస్ మనిషి. నేను నెల రోజులుగా మధ్యాహ్నం బ్రెడ్డు, అరటిపండు తినడం చూసి, "రా, ఇవాళ అన్నం లాంటి అన్నం తిందువుగాని" అన్న ధోరణిలో కారెక్కించింది. లోపలికి వెళ్ళగానే ట్రేలు పేర్చి ఉన్నాయి. అప్పుడే కడిగినవేమో, ఇంకా వెచ్చగా, అంచుల్లో కొంచెం తడిగా ఉన్నాయి. పక్కనే గుడ్డలో చుట్టిన చెంచా, ఫోర్కు. ట్రేని స్టీలు కడ్డీల మీద పెట్టి జరుపుకుంటూ పోవాలి. ముందు సలాడ్లు, చిన్న గాజు గిన్నెల్లో ఎర్రగా ఆకుపచ్చగా వణుకుతున్న జెల్లో అనే తీపి జెల్లీ ముక్కలు, క్యారెట్ తురుములో కిస్మిస్ కలిపిన సలాడ్. ఆ తర్వాత వేడివేడిగా ఆవిర్లు కక్కుతున్న భాగం. వేయించిన చేప, చికెన్ ఫ్రైడ్ స్టేక్ (పేరులో చికెన్ ఉన్నా, పిండి పట్టించి వేయించిన గొడ్డు మాంసం), ఉల్లిపాయలతో వేయించిన లివర్, బేక్ చేసిన చికెన్. వాటి తర్వాత కూరగాయలు. మ్యాకరోని చీజ్, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, బీన్స్, మొక్కజొన్న, అలసందలు, బెండకాయ. చివర్లో బ్రెడ్డు, "పై" అనే తీపి వంటకం ముక్కలు, టీ. ప్రతి పది అడుగులకీ గరిటె పట్టుకుని ఒక మనిషి. ఆఖర్న ఒకావిడ మన ట్రే మీదికి ఒక్క చూపు చూసి, ఏమేం పెట్టుకున్నామో అడగకుండానే టకటకా లెక్క కొట్టి స్లిప్ చేతిలో పెట్టేది. ఆ వేగం చూసి నేను అక్కడే నిలబడిపోయాను.

నన్ను తీసుకెళ్ళిన ఆఫీసావిడ నాకు నేర్పిన మాట "లూయాన్ ప్లాటర్". సగం సైజు మాంసం ముక్క, రెండు కూరలు, ఒక బ్రెడ్డు. తక్కువ డబ్బుతో కడుపు నిండే భోజనం. లూబీస్ అనగానే టెక్సాస్ జనానికి ముందు గుర్తొచ్చేది అదే. అప్పుడు మేం నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం, ఇంటికి డబ్బు పంపాలి, ఖర్చు చూసుకోవాలి. వారానికి ఒక్కరోజు లూయాన్ ప్లాటర్ తింటే పండగలా ఉండేది.

కానీ లూబీస్ నాకు నిజంగా అర్థమైంది 2004 ఎండాకాలంలో, అమ్మానాన్న వచ్చినప్పుడు.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. మాంసం అప్పటికే మానేసింది. ఏ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళినా ఒకటే ఇబ్బంది. సర్వర్ వచ్చి సలాడ్‌లోకి ఏం వేయమంటారు, పక్కన ఏం కావాలి, సూప్ కావాలా అని వరసగా అడిగేది. అమ్మ నా మొహం వైపు చూసేది. నేను చదివి, అర్థం చెప్పి, ఆర్డరిచ్చి, వచ్చాక ఇది ఇదీ అని వివరించాలి. రెండోసారికే అమ్మ విసుక్కుంది. "నా తిండి కూడా నువ్వే అడగాలట్రా నాన్నా? ఇంట్లో పచ్చడేసుకు తింటే పోదూ" అంది.

లూబీస్‌కి తీసుకెళ్తే అమ్మ నాకంటే ముందు ట్రే పట్టుకుని నడిచింది. కూరగాయల దగ్గరికి రాగానే ఆగిపోయి, "ఏవండీ, ఇటు చూడండి, బెండకాయలే! పకోడీల్లా వేశారు" అని నాన్నని పిలిచింది. మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించిన బెండకాయ ముక్కలు. దక్షిణాది అమెరికన్లకి బెండకాయ అంటే ప్రాణం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఈ నేలకొచ్చిన పంట అది. అమ్మ వేలితో చూపించింది. గరిటె పట్టుకున్న నల్లజాతి పెద్దావిడ, "దిస్ వన్, హనీ?" అని నవ్వి, నిండా ఒక గరిటె వేసింది. అమ్మ ఇంకా వేలు దించలేదు. ఇంకో అర గరిటె వేసింది.

తర్వాత అమ్మ అలసందలు చూపించింది. ఆవిడ గరిటె ఎత్తి, అమ్మ బొట్టూ నూలు చీరా ఒకసారి చూసి, ఆగి, నన్ను అడిగింది. "మీ అమ్మగారు మాంసం తింటారా? ఇందులో పంది మాంసం ఉడికింది." దక్షిణాది వంటలో అలసందల్లో, ఆకుకూరల్లో రుచి కోసం పంది మాంసం ముక్క వేసే అలవాటు ఉంది. నాకు ఆ సంగతి అప్పటికి తెలీదు. ఆవిడ అడగకపోతే అమ్మ ఆ రోజు తినేసేది. ఆవిడే గరిటె పక్కకి జరిపి మొక్కజొన్న, క్యారెట్, మ్యాకరోని ఇవి పరవాలేదని చూపించింది. అమ్మ ఒక్కొక్కటీ వేలితో చూపించి పెట్టించుకుంది. ఆ దేశంలో తన భోజనం తనే అడిగి తీసుకోవడం అమ్మకి అదే మొదటిసారి. ఆ ఆరు నెలల్లో ఎన్ని శనివారాలు వెళ్ళామో లెక్కలేదు. కొన్నాళ్ళకి అమ్మ లైన్‌లోకి రావడం దూరం నుంచి చూడగానే ఆవిడ బెండకాయల గరిటె తీసి పట్టుకునేది.

అది పనిచేసిన తీరు నాకు అక్కడే తెలిసింది. చదువు, భాష, వయసు ఏదీ అడ్డం కాదు. చుట్టూ చూస్తే ముసలివాళ్ళు, చర్చి నుంచి తిన్నగా వచ్చిన కుటుంబాలు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, పనిబట్టల్లో వచ్చిన మెక్సికన్ కూలీలు. అందరూ అదే కడ్డీ మీద ట్రే జరుపుతూ ఉండేవాళ్ళు.

ఇప్పుడు చరిత్ర, త్వరగా చెప్పేస్తాను. హ్యారీ లూబీ అనే ఆయన 1911లో మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో న్యూ ఇంగ్లండ్ డైరీ లంచ్ అనే చిన్న కెఫెటేరియా పెట్టాడు. ఆయన కొడుకు బాబ్ లూబీ, బంధువు చార్లెస్ జాన్‌స్టన్‌తో కలిసి 1947లో శాన్ ఆంటోనియోలో మొదటి లూబీస్ తెరిచాడు. కంపెనీ 1973లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. 1990లు వచ్చేసరికి రెండు వందలకు పైగా కెఫెటేరియాలు, ఎక్కువ భాగం టెక్సాస్‌లోనే.

ఇంతలా పెరగడానికి అసలు కారణం మేనేజర్ల పద్ధతి అని నా నమ్మకం. లూబీస్ మేనేజర్‌కి జీతం ఒక్కటే కాదు, తన కెఫెటేరియా లాభంలో పెద్ద వాటా కూడా వచ్చేది. ఏ పూట ఏం వండాలి, ఎంత వండాలి అన్నది చాలావరకు అతనే తేల్చుకునేవాడు. వంట కూడా ఎక్కడో ఫ్యాక్టరీలో చేసి తెచ్చేది కాదు, ఆ వంటింట్లోనే మొదట్నుంచీ చేసేది. అంటే పేరుకి కంపెనీ అయినా లోపల ప్రతి కెఫెటేరియా ఒక సొంత హోటల్ లాగా నడిచేది. మన విజయవాడలోనో తెనాలిలోనో ఓనరే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటల్ రుచి వేరు, ఆయన లేనిరోజు రుచి వేరు. ఇక్కడా అంతే.

చాలామంది లూబీస్ పడిపోవడానికి 1991 కాల్పులే కారణం అంటారు. అది తప్పు. కానీ ఆ సంగతి చెప్పకుండా దాటెయ్యలేను. 1991 అక్టోబర్ 16న, కిలీన్ అనే ఊళ్ళో మధ్యాహ్న భోజనం వేళ, ఒకడు పికప్ ట్రక్కుతో లూబీస్ అద్దాలు బద్దలు కొట్టుకుని లోపలికి దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. అప్పటికి అమెరికాలో ఒక్కడే జరిపిన కాల్పుల్లో అంత ఘోరమైన ఘటన లేదు. అక్కడ అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్న సుజానా హప్, అప్పటి చట్టానికి భయపడి తన తుపాకీని కారులో వదిలి వచ్చానని చెబుతూ ఏళ్ళ తరబడి పోరాడింది. టెక్సాస్‌లో లైసెన్స్‌తో దాచిన తుపాకీ వెంట ఉంచుకునే చట్టం 1995లో వచ్చింది, దాని వెనక ఆవిడ గొంతు చాలా ఉంది. తర్వాత ఆవిడ రాష్ట్ర శాసనసభకు కూడా ఎన్నికైంది. ఆ కిలీన్ కెఫెటేరియాని అయిదు నెలల తర్వాత మళ్ళీ తెరిచి, 2000లో శాశ్వతంగా మూశారు. కానీ గమనించండి, 1991 తర్వాత కూడా లూబీస్ కొత్త కొత్త చోట్ల తెరుచుకుంటూనే ఉంది. టెక్సాస్ జనం దాన్ని వదిలెయ్యలేదు. పడిపోవడం మొదలైంది ఆ దశాబ్దం చివర్లో, దానికి కారణాలు వేరు.

మా పాత ఇంటి పక్కన ఒక మెక్సికన్ పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా కెఫెటేరియా వంటిళ్ళలో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం గడ్డి కోసుకుంటూ కబుర్లు చెప్పేవాడు. కెఫెటేరియా కష్టం నాకు ఆయన మాటల్లోనే అర్థమైంది. మామూలు రెస్టారెంట్లో ఆర్డర్ వచ్చాకే పొయ్యి మీద పెడతారు. కెఫెటేరియాలో మనిషి రాకముందే వండి పెట్టాలి. అదీ పది రకాలు కాదు, యాభై అరవై రకాలు. ఎక్కువ వండితే ఆవిరి బల్ల మీద ఎండిపోతుంది, తక్కువ వండితే ఖాళీ గిన్నె కనబడుతుంది. ఖాళీ గిన్నె చూసిన కస్టమర్ మళ్ళీ రాడు. అందుకే మనం పకోడీలు వాయి తర్వాత వాయి వేసినట్టు, చిన్న చిన్న వాయిలుగా రోజంతా వండుతూనే ఉండాలి. "పదకొండున్నరకు మొదట వచ్చిన మనిషికీ, ఒంటిగంటన్నరకు ఆఖర్న వచ్చిన మనిషికీ ఒకేలా కనబడాలి, అదే మా పని" అనేవాడాయన.

లైన్‌లో జనం కిటకిటలాడినంత కాలం ఈ లెక్క బ్రహ్మాండంగా నడుస్తుంది. గిన్నె ఖాళీ అవుతుంది, కొత్త వాయి వస్తుంది, వేడిగా ఉంటుంది, జనం మళ్ళీ వస్తారు. లైన్ పలచబడితే అదే లెక్క తిరగబడుతుంది. వంటవాళ్ళు అంతమందే కావాలి, గరిటె పట్టుకునేవాళ్ళు అంతమందే కావాలి, దాదాపు మూడు వందల మంది కూర్చునే ఆ పెద్ద హాలుకి ఏసీ అంతే నడవాలి. కానీ తినేవాళ్ళు సగం. మిగిలిన వంట పారబోత. పారబోత తగ్గించాలంటే రకాలు తగ్గించాలి, రకాలు తగ్గిస్తే కెఫెటేరియాకి రావడానికి కారణమే పోతుంది. మన పెళ్ళిళ్ళలో అయిదొందల మందికి వండించాక రెండొందల మందే వస్తే ఆ పెళ్ళికొడుకు తండ్రి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి. రోజూ అలాగే.

మరి లైన్ ఎందుకు పలచబడింది? మధ్యాహ్నం వచ్చే ఆఫీసు జనాన్ని త్వరగా పెట్టి పంపే కొత్త చోట్లు లాగేసుకున్నాయి. సాయంత్రం వచ్చే కుటుంబాలను చిలీస్, ఆలివ్ గార్డెన్ లాంటి చైన్ రెస్టారెంట్లు తీసుకున్నాయి. సూపర్ మార్కెట్లలో వండిన చికెన్, కూరలు డబ్బాల్లో దొరకడం మొదలైంది. మిగిలింది పెద్దవాళ్ళు. వాళ్ళు చివరి దాకా వదల్లేదు, కానీ వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు ఆ కుర్చీల్లోకి రాలేదు. నా ఆఫీసావిడ కూతురికి లూబీస్ అంటే అమ్మమ్మ తీసుకెళ్ళిన చోటు, అంతే.

ఇక్కడ నాది ఒక పరిశీలన. "వేలితో చూపించి పెట్టించుకునే పద్ధతి పాతబడిపోయింది" అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. చిపోట్లే అనే మెక్సికన్ తరహా ఫాస్ట్‌ఫుడ్ షాపుకి వెళ్ళండి. అదే అద్దం, అదే గరిటె, అదే "ఇది వెయ్యి, అది వద్దు". పిల్లలు ఎగబడి తింటున్నారు. తేడా అల్లా, అక్కడ ఓ ఇరవై రకాల గిన్నెలుంటాయి, చిన్న షాపు, తక్కువమంది పనివాళ్ళు. పద్ధతి బతికింది. పోయింది ఆ అరవై రకాల వంటిల్లు.

ఈ కష్టం లూబీస్ ఒక్కదానిదే కాదు. లూసియానాలో 1944లో మొదలైన పికడిల్లీ, 1998లో మారిసన్స్ అనే ఇంకో పెద్ద కెఫెటేరియా సంస్థను కొనుక్కుని, 2003లో దివాలా కోర్టుకెక్కింది. న్యూ మెక్సికో, టెక్సాస్‌లలో ఫర్స్ అనే కెఫెటేరియా సంస్థ కూడా అలాగే చితికింది.

లూబీస్ నష్టాల్లో పడ్డాక 2001లో హ్యూస్టన్ పాపాస్ సోదరులు, క్రిస్, హ్యారిస్, పగ్గాలు చేపట్టారు. హ్యూస్టన్ తెలుగువాళ్ళకి పాపాడో, పాపసీతోస్ రెస్టారెంట్లు తెలియనివి కాదు, ఆ కుటుంబమే. సొంత డబ్బు కూడా కంపెనీకి అప్పు ఇచ్చారు. నష్టాల్లో ఉన్నవాటిని పదుల సంఖ్యలో మూశారు, హెడ్డాఫీసును శాన్ ఆంటోనియో నుంచి హ్యూస్టన్‌కి మార్చారు. కొన్నేళ్ళు ఊపిరి తీసుకుంది. మా అమ్మానాన్న వచ్చిన ఎండాకాలం ఆ రోజుల్లోదే.

తర్వాత వాళ్ళు చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 2010లో దివాలా తీసిన ఫడ్‌రకర్స్ బర్గర్ సంస్థను 6 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. 2012లో చీజ్‌బర్గర్ ఇన్ ప్యారడైజ్ అని ఇంకోటి. ఇంటి కప్పు కారుతుంటే పక్క ఊళ్ళో రెండో ఇల్లు కొన్నట్టు అయింది. ఆ డబ్బు, ఆ శ్రద్ధ కెఫెటేరియాల మీద పెట్టి, అరవై రకాలను ముప్పైకి తగ్గించి, హాలు సగం చేసి, మేనేజర్‌కి పాత రోజుల్లోని వాటా, స్వేచ్ఛ రెండూ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. అలాగైనా నిలబడేదని గట్టిగా చెప్పలేను గానీ, ప్రయత్నించాల్సింది అదే.

ఇంకో విషయం. లూబీస్‌కి చాలా చోట్ల స్థలం సొంతం. ఎప్పుడో కొన్న మెయిన్ రోడ్డు స్థలాలు, చుట్టూ ఊరు పెరిగి బంగారం అయ్యాయి. భోజనం మీద వచ్చేదాని కంటే ఆ నేల అమ్మితే ఎక్కువొస్తుందని తేలాక ఇక ఎవరు ఆపుతారు? కంపెనీని ఇలా నడపడం సరికాదని కొందరు ఇన్వెస్టర్లు 2019లోనే డైరెక్టర్ల బోర్డు మీద పోరాటానికి దిగారు, ఓడిపోయారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి హాళ్ళు మూతపడ్డాయి. ముసలివాళ్ళు, పక్కపక్కనే నిలబడే లైన్, అందరికీ ఒకే గరిటె. ఆ రోగానికి ఇంతకంటే ఎదురుగా నిలబడ్డ హోటల్ లేదు. అదే ఏడాది కంపెనీని విడదీసి అమ్మేయాలని నిర్ణయించారు. షేర్‌హోల్డర్లకు షేరుకి 3 నుంచి 4 డాలర్లు రావచ్చని లెక్క చెప్పారు.

ఆ ఏడాది చివర్లో మా ఇంటి దగ్గర లూబీస్ ముందు నుంచి కారులో వెళ్తుంటే బోర్డు దించేసి ఉంది. ఎండకి వెలిసిన గోడ మీద అక్షరాలున్న చోటు మాత్రం కొత్తగా, ముదురు రంగులో, పేరు ఇంకా చదవడానికి వీలుగా ఉంది. పార్కింగ్‌లో కాసేపు ఆగాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన ఆ పార్కింగ్‌లోనే, మధ్యాహ్నం ఎండలో, కారు తలుపు తెరిచి పెట్టుకుని వేడి తగ్గేదాకా నిలబడి, "మన ఊళ్ళో ఇలాంటిది పెడితే బాగా నడుస్తుందిరా" అని లెక్కలు వేసేవారు.

అయితే ప్రశ్నలో ఉన్నట్టు అన్నీ మూతపడలేదు. ఇది ముఖ్యం. 2021లో షికాగో వ్యాపారవేత్త కాల్విన్ జిన్ లూబీస్ పేరుని, మిగిలిన 32 కెఫెటేరియాలని సుమారు 2 కోట్ల 87 లక్షల డాలర్లకు కొన్నారు. కొన్ని ఇప్పటికీ టెక్సాస్‌లో నడుస్తున్నాయి, హ్యూస్టన్ చుట్టుపక్కల కూడా ఉన్నాయి.

వెళ్ళాలనుకుంటే పదకొండున్నర లోపు వెళ్ళండి, మొదటి వాయి వేడిగా ఉంటుంది. శాకాహారులైతే అలసందలు, ఆకుకూరలు, గ్రీన్ బీన్స్ దగ్గర మాంసం పడిందా అని తప్పకుండా అడగండి, విసుక్కోకుండా చెబుతారు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళు వెంట ఉంటే ట్రే వాళ్ళ చేతికిచ్చి ముందు నడవనివ్వండి, మీరు వెనక ఉండండి. పోయిన ఏడాది అమ్మ వచ్చినప్పుడు అలాగే చేశాను. గరిటె పట్టుకున్నది ఒక కుర్రాడు. అమ్మ బెండకాయలు చూపించింది, అతను వేశాడు. అమ్మ వేలు దించలేదు. వాడు ఒక్క క్షణం ఆగి, ఇంకో అర గరిటె వేశాడు.